గడపలు లేని నక్షా

శాలిబండ, హైదరాబాదు
బహుధాన్య మాఘం, 1939

నన్ను చంకనెత్తుకుని పెంచిన రమక్కకు,

నీ చెల్లెలు రంగనాయకి నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం ఒంట్లో బాగానే ఉన్నాం. అంతకు మించి క్షేమ సమాచారం రాయాలంటే చెయ్యి ఆడటం లేదు. మొదలుపెట్టిన కాగితాలు పొయ్యిలో వేసి మళ్లీ ఇది తీసుకుని కూర్చున్నాను. నాకు కష్టం వచ్చిందో, లేక అదృష్టం వస్తే దాన్నే కష్టమనుకుంటున్నానో నువ్వు చదివి చెప్పాలి.

మీ మరిది కొత్త ఇల్లు కట్టిస్తున్నారు. ఇప్పుడున్న ఇంటి పక్కనే, మామగారి కాలంలో ఎడ్లకొట్టం ఉండిన జాగాలో. ఆయన ఉద్యోగమే ఇళ్ల నక్షాలు గీయడం కదా. దఫ్తరులో కూర్చుని ఇన్నేళ్లుగా ఎవరెవరి బంగళాలకో గీతలు గీసిన మనిషి ఇప్పుడు తనకోసం గీసుకున్నారు. ఇది పూర్తయ్యాక పాత ఇల్లంతా ఆయన పెదనాన్న కొడుకు పురుషోత్తం బావగారికి వదిలేస్తారట. వాళ్లు ముందు భాగంలో, మేము వెనక భాగంలో ఉంటున్న సంగతి నీకు తెలిసిందే. విన్నవాళ్లంతా నన్ను అదృష్టవంతురాలంటున్నారు.

ఆయన ఎక్కడి నుంచో ఒక ఇంగ్లీషు పత్రిక తెచ్చి నా ముందు పరిచారు. అందులో బొంబాయి ఇళ్ల బొమ్మలు. అన్నీ తెల్లగా, నున్నగా, మూలలు గుండ్రంగా తిప్పి, నీళ్ల మీద నిలబడ్డ ఓడల్లా ఉన్నాయి. కొయ్య స్తంభాలు లేవు, చెక్కుడు పని లేదు, దీపాల గూళ్లు లేవు. గోడ వెడల్పునా అద్దాల కిటికీలు. ఇంత పెద్ద హాలులో నాలుగు కుర్చీలు, ఒక బల్ల, అంతే. అబద్ధమెందుకు, చూడటానికి చాలా బాగున్నాయి. అయితే ఆ ఇళ్లలో మనుషులు చింతపండు పిసుక్కుని, ఊరగాయ కలుపుకుని, కాళ్లు చాపుకుని కూర్చుంటారా అన్నది మాత్రం బొమ్మల్లో తెలియలేదు.

తరవాత తన నక్షా చూపించారు. నాకు నక్షా చదవడం అంతగా రాదు గానీ, తలుపు ఎక్కడో గోడ ఎక్కడో పోల్చుకోగలను. నక్షాలో గడపలు కనబడలేదు. అడిగాను.

“ఇప్పటి ఇండ్లకు గడపలు పెడ్తలేరు,” అన్నారు.

తలవాకిలికి కూడానా అంటే, దేనికీ లేదన్నారు. పసుపు రాయడానికి గడప లేకపోతే ఏం ఇల్లు అక్కా అది. మేస్త్రీ దస్తగీర్ కూడా నక్షా చూసి తల గోక్కున్నాడు. ముసల్మాను అతను, అతనికే మనసొప్పలేదు. ఇంకోసారి ఆలోచించమని ఆయన్ని బతిమాలాడు. ఈయన వినలేదు. ఇంట్లో ఒక గదికీ ఇంకో గదికీ మధ్య మెట్టు కూడా ఉండకూడదట, అంతా ఒకటే చదును.

అంతటితో ఆగితే కొత్త వేషమనుకుని ఊరుకునేదాన్ని. అత్తగారి ఉయ్యాలబల్ల తీసి పురుషోత్తం బావగారి వైపు పంపించేశారు. ఇత్తడి దీపపు సెమ్మెలు, కాళ్లకు సింహాలు చెక్కిన బోషాణం, నేను మధ్యాహ్నాలు కూర్చుని బియ్యం ఏరుకునే ముక్కాలిపీట, అన్నీ పోయాయి. దారిలో ఏ వస్తువు కనబడినా విసుగు. మొన్న ముక్కాలిపీట తగిలి పడబోయి, నన్ను అనరాని మాటలన్నారు. పెళ్లయిన ఇన్నేళ్లలో అటువంటి మాట ఆ నోట వినలేదు.

ఇంకా ఉంది. పక్కింటి వజీరున్నీసా ఆపాతో కలిసి సాయంత్రం బజారు నుంచి వస్తుంటే ఈయన దఫ్తరు నుంచి ఎదురొచ్చారు. చెయ్యి చాపితే అందేంత దగ్గరగా నడిచారు. నన్ను చూసీ చూడనట్టు సాగిపోయారు. ఆపా నా మొహం చూసి మాట మార్చింది. ఇంకో రోజు మజ్జిగ గ్లాసు అందిస్తే దాన్ని చేత్తో తోసేశారు. ఒలికిన మజ్జిగ వైపు కాకుండా ఎటో చూస్తూ ఊరుకున్నారు. నువ్వు పెట్టిన నీలం చీర కట్టుకుని దీపం వెలిగించేవేళకు ఎదురుగా వెళ్లానా, అప్పుడేమన్నారో తెలుసా?

“ఆ నీలం చీర కట్టకు. అసలే కనబడవు.”

నా రంగు నీకు తెలుసు కదా అక్కా. చిన్నప్పుడు ఎవరైనా నల్లపిల్ల అంటే నువ్వు వాళ్లమీదికి పోయేదానివి. పెళ్లినాడు కూడా ఆ మాట ఎత్తని మనిషి ఇవాళ ఎత్తారు.

పురుషోత్తం బావగారి భార్య సక్కుబాయి నిన్న పిండి జల్లెడ అడగడానికి వచ్చి, పోతూ పోతూ అంది: “పిల్లలు లేని ఇంటికి గంత పెద్ద హాలు ఎందుకు చెల్లె? ఎవలకోసం కడ్తున్నడో జర కనుక్కో.” కొత్త నక్షాలో వెనకవైపు ఒక అర్ర వేరుగా ఉంది. అది నాకట. పెద్ద కిటికీ పెట్టించారట. నాకు వేరుగా అర్ర ఎందుకో నేను అడగలేదు. అడిగితే జవాబు వస్తుందని భయం.

నేను ఏం చేయాలో రాయి.

నీ రంగ

*

శాలిబండ
ప్రమాథి వైశాఖం

నా రమక్కకు,

నీ ఉత్తరం అందింది. హనుమకొండ వచ్చేయమన్నావు, బావగారిని పంపుతానన్నావు. చదువుకుని ఏడ్చాను. ఏడ్చాక నిమ్మళించింది కూడా. వెళ్లడానికి ఒక చోటుందని తెలిస్తే ఉన్నచోట ఉండటం కొంచెం తేలికవుతుందేమో.

ఆయన్ని అడిగేశాను. ఎవరైనా మనిషి ఉందా అని నేరుగా అడగడానికి నోరు రాలేదు. కొన్నాళ్లు అక్క దగ్గర ఉండి వస్తానన్నాను. వద్దంటారనుకున్నాను. ఆయన చాలాసేపు తన వేళ్లకంటిన సిరా తుడుచుకుంటూ కూర్చుని, “ఇల్లు కానియ్యి. అయినంక నీకు పోవాలనిపిస్తే పో. ఎన్ని రోజులుంటవో ఉండు. నేను ఒక్కన్ని ఉండగల్గుత,” అన్నారు.

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు అర్థమై ఉండేది. నా మేలు కోరి చెప్పినట్టు, ఎప్పుడో నిర్ణయించి పెట్టుకున్నదాన్ని ఇప్పుడు పైకి చెప్పినట్టు అన్నారు. గృహప్రవేశం కాగానే నేను బయలుదేరతాను. ఆ మాట నా మనసులో స్థిరమైపోయింది.

స్థిరమైపోయిందని రాశానే గానీ, ఆయన చేసే పనులు దాన్ని ఉండనివ్వడం లేదు. మొన్న నన్ను కొత్త వంటింటి గోడ దగ్గర నిలబెట్టి, చెయ్యి పైకెత్తమన్నారు. నా వేళ్లు ఎక్కడికి అందితే అక్కడ బొగ్గుతో గీత గీసి, పైన సిమెంటు అలమర ఆ ఎత్తులోనే రావాలని దస్తగీర్‌కు చెప్పారు. మడమలెత్తకుండా అందాలట. నిలబడి వంట చేసుకునే దిమ్మె కూడా నా నడుము ఎత్తు చూసే కట్టిస్తున్నారు. పంపించేయదలచుకున్న మనిషికి ఎవరైనా అలమర కొలుస్తారా? లేకపోతే తరవాత వచ్చేదీ నా ఎత్తే ఉంటుందా? ఇలాంటి ఆలోచనలు వస్తున్నాయి. నవ్వుకో, నేనేమీ అనుకోను.

వజీరున్నీసా ఆపా ఇంకో సంగతి చెప్పింది. తెల్లవారుజామున తన మిద్దెమీద బట్టలు ఆరేస్తూ చూసిందట. ఈయన లేచి ఆ కప్పులేని గోడల మధ్యకు వెళ్లి, కళ్లు మూసుకుని, ఒక చెయ్యి గోడకు ఆనించి అటూ ఇటూ నడుస్తారట. ఆపా మొదట ఏదో మంత్రం చదువుతున్నారనుకుందట. నోరు కదలడం లేదట. “మీ సాబ్‌కు ఏదో ఫికర్ ఉన్నది రంగా. మనిషి లోపల్లోపల కుమిలిపోతున్నడు,” అంది. ఆపా భర్త పోయేముందు ఏడాదిపాటు అలాగే ఎవరితోనూ మాట్లాడకుండా తిరిగాడట. అది విన్నాక నాకు ఇంకో భయం పట్టుకుంది. సక్కుబాయి చెప్పిన భయం, ఆపా చెప్పిన భయం రెండూ ఒకేసారి నిజం కాలేవు కదా. ఏది నిజమైతే నాకు మేలో కూడా తెలియడం లేదు.

నేను వస్తాను. బావగారిని ఇప్పుడే పంపవద్దు.

రంగనాయకి

*

శాలిబండ
ప్రమాథి భాద్రపదం

రమక్కా,

తొందరలో రాస్తున్నాను, తప్పులుంటే సరిచేసి చదువుకో. ఈయనకు ఇంకెవరూ లేరు. ముందు ఆ మాట రాసేస్తే నీ గుండె కుదుటపడుతుంది. మిగిలింది చదివాక నీకూ నాలాగే ఏం తోచదు.

మొన్న వాన వెలిసిన సాయంత్రం నేను కొత్త ఇంటి దగ్గరకు వెళ్లాను. కూలీలు వెళ్లిపోయారు. దస్తగీర్ ఒక్కడే పనిముట్లు కడుక్కుంటున్నాడు. గోడల పూతకని ఆ రోజే సున్నం నానవేసి గుంత నింపారు. ఇంకా పొగలు కక్కుతూ కుతకుతమంటోంది. ఈయన దఫ్తరు నుంచి నేరుగా అక్కడికే వచ్చారు. నన్ను చూడలేదు. ఇంకా కాస్త వెలుతురు ఉంది. నాకు గుంత, గుంత చుట్టూ పెట్టిన ముళ్లకంప అన్నీ స్పష్టంగా కనబడుతున్నాయి. ఈయన వచ్చి ముళ్లకంపను కాలితో నెట్టుకుని, రోడ్డు మీద నడిచినట్టు నడుస్తూ గుంత వైపు వెళ్లారు. నేను అరిచానో లేదో నాకు గుర్తు లేదు. దస్తగీర్ చేతిలోది పారేసి ఉరికి, వెనకనుంచి నడుము పట్టి లాగాడు. ఇద్దరూ ఇసుకలో పడ్డారు. ఈయన చెప్పు ఒకటి సున్నంలో పడి పోయింది.

దస్తగీర్ ఏమీ అడగలేదు. “విఠల్‌రావు సాబ్, ఇంటికి పోండ్రి,” అని, నన్ను చూసి తలవంచుకుని వెళ్లిపోయాడు. ఈయన ఇసుకలోంచి లేవలేదు. నేను పక్కన కూర్చున్నాను. ఆయన చొక్కాకంటిన ఇసుక దులిపాను. చివరికి నేనే అడిగాను, గుంత కనబడలేదా అని.

“కనబడలే.”

“ముళ్లకంప?”

“అదీ కనబడలే. చీకటి పడంగనే నాకు ఏం కనబడ్తలేదు రంగా. పగటిపూట గూడ నడుమ కనబడ్తది, పక్కల కనబడది. బండిచక్రం నడుమ బొక్కలకెళ్లి చూసినట్టు ఉంటది.”

రెండేళ్లుగా ఇలా ఉందట. పెద్ద దవాఖానాలో చూపించుకున్నారట. కంటి లోపలి పొర ఎండిపోతోందని, దానికి మందు లేదని, ఒకనాటికి ఆ నడుమ ఉన్నది కూడా మూసుకుపోతుందని డాక్టరు చెప్పాడట. ఆయన మేనమామకు ఇలాగే అయ్యిందట. ఆ మేనమామ చివరి రోజుల్లో గడప తగిలి పడి, మంచం మీదనుంచి మళ్లీ లేవలేదు. పిల్లవాడిగా ఈయన అది చూశారు. నాకు ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు నువ్వే కూడుకో అక్కా. బజారులో నన్ను దాటిపోయింది, మజ్జిగ గ్లాసు, ముక్కాలిపీట. నీలం చీర కట్టుకుంటే కనబడవు అన్నారే, అది నిజంగా కనబడకనే. ఆయన ఉన్న మాటే చెప్పారు, నేను నా నలుపును తెచ్చి అందులో కలుపుకున్నాను.

కళ్లు పని చేస్తున్నంతలో ఇల్లు గీసుకోవాలనుకున్నారట. గడప ఉండకూడదు, మెట్టు ఉండకూడదు, తల తగిలే గూళ్లుండకూడదు, మూల తగిలినా గాయం కాకుండా గుండ్రంగా ఉండాలి. ఉన్న కాస్త చూపుకూ వెలుతురు కావాలని పెద్ద కిటికీలు. ఇవన్నీ అడిగితే ఎందుకని నలుగురూ అడుగుతారు. దఫ్తరులో తెలిస్తే కళ్లు లేనివాడు నక్షాలేం గీస్తాడని ఆ రోజే ఇంటికి పంపిస్తారు. అంతలో ఆ బొంబాయి పత్రిక కనబడింది. తనకు కావలసిందంతా అందులో ఫ్యాషన్ పేరుతో ఉంది. “ఎవలు అడిగినా కొత్త ఫ్యాషన్ అంటే నోరు మూసుకుంటరు,” అన్నారు. మళ్లీ తనే, “గని ఆ ఇండ్లు నాకు నిజంగనే మంచిగనిపించినయి. అది అబద్ధం కాదు,” అన్నారు. ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతు పిల్లవాడి గొంతులా ఉంది.

ఇంతవరకు విని నేను ఆయన తల నా ఒళ్లోకి తీసుకోవలసింది. తీసుకోలేదు. నాకెందుకు చెప్పలేదని అడిగాను. ఆయన, “నీ చెయ్యి పట్టుకొని నడిచే రోజు రావద్దనే ఈ ఇల్లు కడ్తున్న. నువ్వు నాకు కాపలా కూసునే అవసరం ఉండది. నీ అర్ర నీకున్నది. అక్క దగ్గరికి పోతనంటే పోవచ్చు,” అన్నారు.

“అయితే ఈ ఇంట్ల నాకేం పని?” అన్నాను.

అక్కా, ఆయన మనసులో ఇంకో మనిషి లేదని తెలిసిన క్షణంలో నాకు సంతోషమేసింది. కళ్లు పోతున్న మొగుడి పక్కన కూర్చుని సంతోషపడ్డాను. తరవాత సిగ్గేసింది. ఆ తరవాత వచ్చిన కోపం ఇంకా పోలేదు. నన్ను భారం నుంచి తప్పించాలనుకోవడం ప్రేమేనా? ఒక మనిషి తన ఇంటి నక్షాలో పెళ్లాం అవసరం ఎక్కడా లేకుండా జాగ్రత్తగా గీసుకుంటే, అది పెళ్లానికి మేలు చేయడమా, అవమానించడమా? నేను అంతా కలిపి ఆలోచిస్తే దయగా కనబడుతుంది, విడిగా ఆలోచిస్తే గుండె మండుతుంది. ఈ ఇంటి నుంచి వెళ్లాలో ఉండాలో కూడా చెప్పలేకుండా ఉన్నాను. వెళితే కళ్లు లేనివాణ్ని వదిలేసిందంటారు. వాళ్లన్నారని ఉంటే అదేం ఉండటం.

బావగారిని పంపమనీ, పంపవద్దనీ రాయలేకపోతున్నాను.

రంగ

*

శాలిబండ, కొత్త ఇల్లు
ప్రమాథి మార్గశిరం

ప్రాణంలో ప్రాణమైన రమక్కకు,

నువ్వు పంపిన బావగారిని ఒంటరిగా వెనక్కి పంపినందుకు నీకు కోపం వచ్చి ఉంటుంది. ఆయన దసరాకు వచ్చి, నా పెట్టె సర్దించి, తీరా బయలుదేరే ముందు నేను రానంటే పాపం ఏమీ అనలేదు. అప్పుడు కారణం అడిగితే నా దగ్గరా లేదు. ఇప్పుడు కొంత దొరికింది, రాస్తున్నాను.

భాద్రపదంలో నీకు ఉత్తరం వేశాక ఒక మధ్యాహ్నం కొత్త ఇంటికి వెళ్లాను. ముందు భాగానికి కప్పు పడింది, హాలు పూర్తయింది. పనివాళ్లు భోజనాలకు వెళ్లారు. నాకు ఏం బుద్ధి పుట్టిందో, చీర కొంగు మడిచి కళ్లకు గట్టిగా కట్టుకుని తలవాకిలి నుంచి నడిచాను. నన్ను అక్కరలేనిదాన్ని చేసిన ఇల్లు ఎలా ఉంటుందో చూద్దామనుకున్నాను. నిజం చెప్పాలంటే తప్పు పట్టుకుందామనే వెళ్లాను.

కాలికి ఏదీ తగల్లేదు. ఆయన అనుకున్నది అనుకున్నట్టే వచ్చింది. హాలు నడుమకు వచ్చాక ఎటు వెళ్లాలో తెలియలేదు. కింద ఎక్కడ కాలు పెట్టినా ఒకే నునుపు. చెయ్యి చాపితే గోడ లేదు. గోడ దొరికాక అది ఏ వైపు గోడో తెలియలేదు, మూలలు గుండ్రంగా ఉన్నాయి కదా, ఒక గోడ ఎక్కడ అయిపోయి ఇంకోటి ఎక్కడ మొదలైందో చేతికి అందలేదు. పాత ఇంట్లో నేను కళ్లు మూసుకుని ఎక్కడికైనా పోగలను. వంటింటి ముందు బండ అరిగి గుంటపడి ఉంటుంది, బావి వైపు గాలి చల్లగా తగులుతుంది, దేవుడి గది దగ్గర కర్పూరం వాసన. ఇక్కడ ఏమీ లేదు. తిరిగి తిరిగి నేల మీద కూర్చుండిపోయాను. భయమేసింది. ఆయన రేపు ఇలాగే ఈ నడుమ కూర్చుంటారు కదా అనిపించి ఏడుపొచ్చింది. అప్పుడు నా కోపం ఎటు పోయిందో నాకు తెలియదు.

సాయంత్రం ఆయనకు చెప్పాను. ఒప్పుకోలేదు. కొత్త ఇల్లు కాబట్టి, అలవాటు లేక అన్నారు. కళ్లకు గుడ్డ కట్టుకుని నా ముందు నడవమన్నాను. తెల్లవారుజామున గోడ పట్టుకుని నడవడం కాదు, హాలు అడ్డంగా నడవమన్నాను. పెద్ద లొల్లి అయ్యింది. చివరికి రోషానికి కట్టుకున్నారు. నడుమకు వచ్చి ఆగిపోయారు. ఒక అడుగు అటు వేసి, మళ్లీ ఇటు వేసి, నా పేరు పిలవబోయి మింగేశారు. నేను వెంటనే వెళ్లి పట్టుకోలేదు అక్కా. పాషాణమని నువ్వనుకున్నా సరే. ఆయన తనంతట తాను గుడ్డ విప్పుకునేదాకా ఆగాను.

ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు. పొద్దున నక్షా తెచ్చి నా ముందు పరిచి, పెన్సిలు నా చేతిలో పెట్టారు.

“నీకు ఎట్ల కావాలెనో గియ్యి.”

నాకు గీయడం వస్తేనా. నేను చెబుతూ ఉంటే ఆయన దిద్దుతూ, ఆయన కంటికి అందని చోట నేను వంకర గీతలు గీస్తూ కూర్చున్నాం. వెనక భాగానికి కప్పు ఇంకా వేయలేదు. అక్కడ నడుమ కొంత ఆరుబయలు వదలమన్నాను. గాలి, వాన చప్పుడు, పిచ్చుకల గోల ఎటు నుంచి వస్తే అది వెనకవైపని మనిషికి తెలుస్తుంది. బొంబాయి ఇళ్లలో అట్లా ఉండదని ఆయన గొణిగారు గానీ గీశారు. తలవాకిలి నుంచి ఆరుబయలు దాకా నేల నడుమ గరుకుగా చెక్కిన షాబాదు బండలు బాటలా వేయించాం. మిగతాదంతా నున్నగా ఉంటుంది. అరికాలు బాట తప్పితే తెలిసిపోతుంది. వంటింటి దగ్గర ఆ బాటకు అడ్డంగా, నేలకు సమంగా ఒక సన్నటి రాయి, అక్కడ తిరగాలని అరికాలికి తెలిసేలా. తలవాకిలిలో గడప వచ్చే చోట నేలకు సమంగా టేకు చెక్క పరిపించాను. కాలికి తగలదు, పసుపు రాసుకోవచ్చు. దస్తగీర్ అది చూసి ఊపిరి పీల్చుకున్నాడు. తలుపుల చట్రాలకు ముదురు ఆకుపచ్చ రంగు వేయించాం, తెల్లగోడల మధ్య అవి ఆయనకు ఇంకా కనబడుతున్నాయి. గుండ్రటి మూలలు, పెద్ద కిటికీలు, ఓడలాంటి బాల్కనీ అన్నీ ఉన్నాయి. నాకూ అవి ఇష్టమే. నాకని కట్టించిన అర్రలో ఎవరూ పడుకోవడం లేదు. అందులో పెద్ద బల్ల వేశాం.

ఆ బల్ల ఎందుకో కూడా చెప్పాలి. ఆయన దఫ్తరులో తానే వెళ్లి నిజం చెప్పేశారు. తాను గీసిన గీతలో తప్పు దొర్లి రేపు ఒక కప్పు కూలితే ఎవరు జవాబు చెప్పాలన్నది ఆయన బాధ. కళ్లతో పనిలేని ఇంకేదైనా పని చూపిస్తామని పైవాళ్లు అన్నారట, ఇంకా ఏదీ చూపించలేదు. మాకు ముందు ముందు ఎలా గడుస్తుందో తెలియదు. కార్వాన్‌లో కమాలుద్దీన్ అని ఒక బట్టల వర్తకుడు, వజీరున్నీసా ఆపాకు దూరపు చుట్టం. అతని ముసలి తండ్రికి చూపు లేదు. మా ఇల్లు చూసి వెళ్లి, మళ్లీ వచ్చి, తండ్రి ఉండే భాగాన్ని ఇలాగే మార్చి కట్టడానికి నక్షా కావాలన్నాడు. ఈయన నోటితో చెబుతారు, కొలతలన్నీ ఆయన తలలో ఉన్నాయి. నేను గీస్తాను. నా గీతలు ఇంకా వణుకుతున్నాయి. సగం కాగితాలు పాడవుతున్నాయి. “గోడనా, పామా అది?” అని వేలితో తడిమి అడుగుతారు. ఆ కాగితం చూసి కమాలుద్దీన్ ఇల్లు కడతాడో, నవ్వి ఊరుకుంటాడో మరి.

నేను సుఖంగా ఉన్నానా అని అడుగుతావు. తెలియదు. పొద్దున లేవగానే ముందు ఆయన కళ్లలోకి చూస్తాను, ఇవాళ ఎంత మిగిలిందో అని. ఆ చూపు తగ్గుతున్న కొద్దీ నా గీత కుదురుతోంది. దానికి సంతోషించాలో ఏడవాలో తెలియక పనిలో పడిపోతాను. ఆయన మీద కోపం కూడా అప్పుడప్పుడూ వస్తూనే ఉంది. రెండేళ్లు నాకు చెప్పకుండా ఒక్కడే మోశారన్న కోపం. అది దయ వల్లనే అని తెలిసినా పోవడం లేదు.

నిన్న సాయంత్రం జరిగింది చెప్పి ముగిస్తాను. దీపాలు ఇంకా వెలిగించలేదు. నేను ఆరుబయలు అంచున అరుగు మీద కూర్చుని ఉన్నాను. ఆయన తలవాకిలి నుంచి బయలుదేరడం విన్నాను. చెయ్యి గోడకు పెట్టలేదు. గరుకు బండల మీద ఒక్కో అడుగూ పడుతోంది. హాలు నడుమ ఆగలేదు. పలకరిస్తే నా గొంతును పట్టుకుని వస్తారని, తన కాళ్లతో తానే రావాలని నేను ఉలుకూపలుకూ లేకుండా కూర్చున్నాను. గాజులు కూడా చప్పుడు కానివ్వలేదు. వచ్చి, సరిగ్గా నా ముందు నిలబడ్డారు.

“రంగా, జర అటు జరుగు, కూసుంట.”

నేనున్నట్టు ఎలా తెలిసిందని అడిగాను.

“ఊపిరి బిగబట్టి కూసున్నవు గద,” అన్నారు. “గంత నిశ్శబ్దంగ ఇంకెవలుంటరు ఈ ఇంట్ల.”

జరిగాను. పక్కన కూర్చున్నారు. తరవాత ఆయన చెయ్యి నా చేతిని వెతుక్కుంది. వెతుక్కోనిచ్చాను.

ఎండలు ముదరకముందే నువ్వూ బావగారూ వచ్చి మా దగ్గర నెలరోజులుండండి. బావగారికి ఆయన మళ్లీ మళ్లీ నమస్కారాలు చెప్పమన్నారు. నన్ను తీసుకుపోవడానికి వస్తే మాత్రం కుదరదు, చేతిలో కమాలుద్దీన్ పని ఉంది.

నీ చెల్లెలు,
రంగనాయకి